ఉద్యోగం వదిలి అమెరికా వెళ్ళిపోనా?

ప్రకాశం జిల్లా నుంచి ఒక పాఠకురాలు, పేరు ప్రచురించవద్దని కోరుతూ, ఆరు పేజీల ఉత్తరం పంపారు. ఆమె వయసు 31. 2018 డీఎస్సీలో స్కూల్ అసిస్టెంటుగా ఎంపికై, ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నారు. నిరుడు ఫిబ్రవరిలో పెద్దలు కుదిర్చిన వివాహం జరిగింది. భర్త అమెరికాలో డాలస్ పక్కన ఒక ఊళ్ళో హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు. ఆ వీసా మీద ఆయనకిది నాలుగో సంవత్సరం. పెళ్ళికి మూడు వారాల సెలవు మీద వచ్చి వెళ్ళిన తర్వాత ఆయన మళ్ళీ రాలేదు. రోజూ పొద్దున ఆరున్నరకు, ఈమె క్యారేజీ సర్దుకునే వేళకు ఫోన్ చేస్తారు. మనిషి మంచివారేనని, మాట కఠినంగా ఉండదని, తన మీద ప్రేమ ఉన్నదని ఆమె రాశారు.

ఆరు నెలలుగా ఆయన ఒకటే మాట అంటున్నారట: "రాజీనామా చేసి వచ్చేయ్. ఇక్కడికొచ్చాక అన్నీ చూసుకుందాం." నరసరావుపేటలో ఉన్న అత్తగారు రెండు పెద్ద పెట్టెలు కొని పంపారు. "వాటిని గదిలో మూలన పెట్టాను, ప్రస్తుతం వాటి మీద పదో తరగతి స్లిప్ టెస్టు పేపర్ల కట్టలు పెట్టుకుంటున్నాను" అని ఈమె రాశారు. రాజీనామా పత్రం కూడా రాసి, తేదీ వేయకుండా బీరువాలో ఉంచారు. తండ్రి ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యారు. పెళ్ళికి చేసిన అప్పు ఇంకా తీరలేదు, తమ్ముడి ఇంజనీరింగ్ చదువు ఇంకో రెండేళ్ళుంది. ఆ ఇంటికి నెలకు పదిహేను వేలు ఈమె జీతం నుంచే వెళుతున్నాయి. బీఈడీలో తనతో చదివిన స్నేహితురాలు నాలుగేళ్ళుగా అమెరికాలోని షార్లెట్‌లో హెచ్-4, అంటే హెచ్-1బీ ఉద్యోగి జీవిత భాగస్వామికి ఇచ్చే వీసా మీద ఉంటూ, పని చేసే అనుమతి లేక, "వంట, ఫోను, కిటికీ, ఇదే నా రోజు" అని చెప్పిందట. అది విన్న నాటి నుంచి ఈమెకు నిద్ర పట్టడం లేదు. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు గురించి, "మీ ఐ-140 ఎంతవరకు వచ్చింది?" అని భర్తను అడిగితే, "అవన్నీ నీకెందుకు, నేను చూసుకుంటాను కదా" అన్నారు. స్టాఫ్ రూములో ప్రభుత్వోద్యోగం ఎవరైనా వదులుకుంటారా అంటున్నారు, బంధువులు మొగుడి కంటే ఉద్యోగం ఎక్కువా అంటున్నారు. రాజీనామా చేసి వెళ్ళాలా, వెళితే పని చేయనిస్తారా, వెళ్ళకపోతే తాను స్వార్థపరురాలినా అన్నవి ఆమె అడిగిన మూడు ప్రశ్నలు.

అమ్మా, మీ మూడో ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే అది మనసులో ఉన్నంతసేపూ మిగతా రెండింటినీ మీరు నిదానంగా ఆలోచించలేరు. మీది స్వార్థం కాదు. ఆరేళ్ళుగా మీ జీతం మీద ఒక ఇల్లు నడుస్తున్నది, మీ పాఠం మీద కొన్ని వందల మంది పిల్లలు పదో తరగతి దాటారు. అలాంటి పనిని వదిలే ముందు కాగితాలు చూపించమని అడగడం బాధ్యత తెలిసిన మనిషి చేసే పని. అదే సమయంలో, ఏడాదికి పైగా ఒంటరిగా వండుకుని ఒంటరిగా తింటున్న ఆయన "వచ్చేయ్" అనడంలోనూ తప్పు లేదు. మీరిద్దరూ పోట్లాడుకుంటున్నది ఒకరితో ఒకరు కాదని, ఇద్దరి మధ్యా ఉన్న ఒక వలస చట్టంతో అని నాకు అనిపిస్తున్నది. కాబట్టి ఆ చట్టం ఏం చెబుతున్నదో విడదీసి చూద్దాం.

మన ఇళ్ళల్లో "వీసా వచ్చింది" అనే ఒక్క మాటతో అన్నీ అయిపోయినట్టు మాట్లాడుకుంటారు. నిజానికి అందులో మూడు వేర్వేరు అనుమతులు ఉన్నాయి. పాస్‌పోర్టులో అతికించే వీసా ముద్ర ఆ దేశపు వాకిలి దాకా వెళ్ళడానికి. అక్కడ దిగాక అధికారి నమోదు చేసే ఐ-94 అనే రికార్డులోని తేదీ వరకే ఉండడానికి అనుమతి. పని చేయడానికి అనుమతి ఈ రెండింటిలోనూ లేదు. హెచ్-1బీ ఉద్యోగి భార్యగా మీకు వచ్చే హెచ్-4 మొదటి రెండింటినీ ఇస్తుంది, మూడోదాన్ని దానంతట అది ఇవ్వదు. మీ స్నేహితురాలి కిటికీ కథంతా ఈ మూడో అనుమతి లేకపోవడం వల్ల పుట్టినదే.

ఆ మూడోది ఎప్పుడు వస్తుంది? హెచ్-4 మీద ఉన్న జీవిత భాగస్వాములు కొందరు పని అనుమతి కార్డు, అంటే అందరూ ఈఏడీ అని పిలిచేది, కోరవచ్చునని 2015 మే 26 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన చెబుతున్నది. ఆ "కొందరు" ఎవరన్నదే అసలు విషయం. భర్త గ్రీన్‌కార్డు కోసం ఆయన కంపెనీ వేసిన ఐ-140 ఆమోదం పొంది ఉండాలి. లేదా గ్రీన్‌కార్డు ప్రక్రియ నడుస్తున్న కారణంగా ఆయనకు ఆరేళ్ళ పరిమితి దాటి హెచ్-1బీ పొడిగింపు వచ్చి ఉండాలి. ఈ రెండింటిలో ఏదీ లేకపోతే, మీరు ఎంత చదివినా, ఎంత అనుభవం ఉన్నా, అక్కడ ఒక్క రూపాయి జీతం తీసుకోవడం చట్టవిరుద్ధం. అందుచేత "మీ ఐ-140 ఎంతవరకు వచ్చింది?" అని మీరు అడిగిన ప్రశ్న, మీకు తెలిసి అడిగారో తెలియక అడిగారో కాని, అడగవలసిన ప్రశ్నల్లో మొట్టమొదటిది. దానికి ఆయన జవాబు చెప్పలేదు. నేను మీ ఉత్తరాన్ని రెండోసారి చదివినప్పుడు ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను.

"నేను చూసుకుంటాను" అనే మాట మన మగపిల్లలు ప్రేమతోనే అంటారు. తండ్రులు అలాగే అనేవారు, వీళ్ళూ అలాగే నేర్చుకున్నారు. కాని ఆ మాట వెనుక రకరకాల సంగతులు ఉండవచ్చు. ప్రక్రియ మొదలై సజావుగానే నడుస్తూ ఉండవచ్చు, వివరించే ఓపిక లేక అలా అని ఉండవచ్చు. లేదా కంపెనీ ఇంకా మొదలే పెట్టకపోయి ఉండవచ్చు, అది భార్యకు చెప్పుకోవడం ఆయనకు చిన్నతనంగా ఉండవచ్చు. లేదా ఉద్యోగమే అనుమానంలో ఉండి, మీరు భయపడతారని దాచి ఉండవచ్చు. ఇందులో ఏదీ నేరం కాదు. అయితే వీటిలో ఏది నిజమో తెలియకుండా బీరువాలోని పత్రానికి మీరు తేదీ వేయకూడదు.

ఆయనది నాలుగో సంవత్సరం అన్నారు కనుక లెక్క ఇలా ఉంటుంది. హెచ్-1బీ సాధారణంగా మూడేళ్ళు, మరో మూడేళ్ళు, కలిపి ఆరేళ్ళు. ఆ పైన పొడిగింపు కావాలంటే గ్రీన్‌కార్డు ప్రక్రియ తగినంత ముందుగా మొదలై ఉండాలి. అందులో తొలి అంకం కార్మిక శాఖ దగ్గర కంపెనీ వేసే పెర్మ్ అనే దరఖాస్తు. దానికి ముందు ఆ ఉద్యోగానికి ఎంత జీతం ఇవ్వాలో నిర్ణయించుకోవడం, ప్రకటనలు వేసి స్థానికులెవరైనా దొరుకుతారేమో చూడడం వంటి పనులకు నెలలు పడతాయి. వేసిన తర్వాత పరిశీలనకు ఇటీవల ఏడాదికి పైగానే పడుతున్నది. అది తేలాక ఐ-140 వేస్తారు. అదనపు రుసుము కడితే ఐ-140 మీద 15 పనిదినాల్లో స్పందన వస్తుంది. మొత్తం మీద కంపెనీ ఈరోజు మొదలుపెడితే ఐ-140 చేతికి రావడానికి రెండేళ్ళు పట్టినా ఆశ్చర్యపడనక్కరలేదు. ఇప్పటికే పెర్మ్ వేసి ఉంటే మీ నిరీక్షణ నెలల్లో ఉంటుంది, వేయకపోతే ఏళ్ళలో ఉంటుంది. మీరు ఇప్పుడే వెళ్ళాలా, ఆగి వెళ్ళాలా అన్నది ప్రధానంగా ఈ తేడా మీదే ఆధారపడి ఉన్నది. (ఐ-140 తర్వాత గ్రీన్‌కార్డు ఎప్పుడన్నది మరో కథ. ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం అనే పరిమితి వల్ల, 2025 చివరలో కూడా మన దేశంవారిలో ఎక్కువ మంది ఉండే రెండు వర్గాల్లోనూ 2013లో వరుసలో చేరినవారి వంతే నడిచింది. కాబట్టి మీ ప్రణాళికను గ్రీన్‌కార్డు చుట్టూ అల్లుకోకండి.)

ఈఏడీ వచ్చినా అది రాతి మీద రాత కాదని కూడా తెలిసి ఉండాలి. ఆ నిబంధన మీద పదేళ్ళ పాటు న్యాయస్థానంలో వ్యాజ్యం నడిచింది, 2025 అక్టోబరులో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని విచారణకు తీసుకోవడానికి నిరాకరించడంతో ప్రస్తుతానికి నిలిచింది. కాని నిబంధన చేసిన ప్రభుత్వమే దాన్ని మార్చగలదు. ఇంకొకటి, కార్డు పునరుద్ధరణకు దరఖాస్తు పెట్టుకుంటే పాతది కొంతకాలం దానంతట అదే చెల్లే వెసులుబాటు ఉండేది. 2025 అక్టోబరు 30 నుంచి వేసే దరఖాస్తులకు దాన్ని తీసేశారు. అంటే ఉద్యోగం దొరికిన తర్వాత కూడా, కొత్త కార్డు సమయానికి రాక కొన్ని వారాలో నెలలో ఇంట్లో కూర్చోవలసి రావచ్చు.

ఇక మీ ఉద్యోగం సంగతి. అందరూ "రాజీనామా" అనే మాటే ఎందుకు వాడుతున్నారో నాకు అర్థం కాలేదు. మీరు దీర్ఘకాలం వెళ్ళాలనుకున్నా, మొదట అడగవలసింది జీతం లేని అసాధారణ సెలవు. విదేశాలకు వెళ్ళడానికి శాఖ అనుమతి ఎలాగూ తీసుకోవాలి. రెండింటినీ కలిపి ప్రధానోపాధ్యాయుల ద్వారా డీఈవో కార్యాలయానికి పంపించండి. ఇది అడిగితే ఇచ్చి తీరవలసిన హక్కు కాదు. తిరగవలసి వస్తుంది, ఫైలు కదలడం లేదని మీరే గుర్తు చేయవలసి వస్తుంది. ఆ కాలానికి జీతం ఉండదు, ఇంక్రిమెంటు వెనక్కి జరుగుతుంది, సీపీఎస్ పింఛను ఖాతాలో జమ ఆగిపోతుంది. అయినా ఉద్యోగం మీదిగానే ఉంటుంది. దీనికి కూడా హద్దులున్నాయి. ఆంధ్రప్రదేశ్ నిబంధనల ప్రకారం అనుమతి లేకుండా ఏడాదికి మించి విధులకు రాకపోయినా, సెలవు ఉన్నా లేకపోయినా వరుసగా ఐదేళ్ళకు మించి రాకపోయినా, రాజీనామా చేసినట్టే పరిగణిస్తారు. సెలవు మంజూరు కాకుండానే "తర్వాత చూసుకుందాం" అని విమానం ఎక్కినవారు ఆ ఏడాది గడువులోనే దెబ్బతింటారు. రాజీనామా ఒకసారి ఆమోదం పొందితే, వెనక్కి రావడానికి మళ్ళీ డీఎస్సీ రాయడమే దారి. ఆ పరీక్ష కోసం మీరు ఎన్ని రాత్రులు మేల్కొన్నారో మీకు నేను చెప్పనక్కరలేదు.

సెలవు దొరికే లోపల, బహుశా దానికంటే ముందే, మీరు చేయగలిగిన పని ఇంకొకటి ఉన్నది. మీ ఉత్తరంలో ఎక్కడా ఆ ప్రస్తావన లేకపోవడం నాకు వింతగా తోచింది. మీకు వేసవి సెలవులున్నాయి కదా. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 12న బడి తెరిచేదాకా ఇంచుమించు ఏడు వారాలు. హెచ్-4 వీసా తీసుకున్నంత మాత్రాన అక్కడే ఉండిపోవాలని ఏమీ లేదు. శాఖ అనుమతితో ఈ వేసవికి వెళ్ళి, ఆయనతో ఆ ఏడు వారాలు సంసారం చేసి, బడి తెరిచే నాటికి తిరిగి రావచ్చు. మూడు వారాల పెళ్ళి సందడిలో ఒక మనిషి పూర్తిగా తెలియడు. ఏడు వారాల వంటింట్లో, ఆయన ఆఫీసు నుంచి విసుగ్గా వచ్చిన సాయంత్రాల్లో, సరుకులకు కూడా కారులోనే వెళ్ళవలసిన ఆ ఊరి మధ్యాహ్నాల్లో చాలా తెలుస్తుంది. ఆయనకూ మీరు తెలుస్తారు. ఖర్చు ఉంటుంది, నిజమే. కాని ఆరేళ్ళ ఉద్యోగాన్ని చూడకుండా వదులుకోవడంతో పోలిస్తే ఆ టిక్కెట్టు చౌక.

దానికి పని ఇప్పుడే మొదలుపెట్టాలి. వివాహం సబ్ రిజిస్ట్రారు దగ్గర నమోదయిందా? కల్యాణ మండపం రసీదు, పెళ్ళి ఫొటోలు ఉన్నా, కాన్సులేటు ప్రధానంగా చూసేది వివాహ ధ్రువపత్రం. అందులో మీ ఇద్దరి పేర్లూ పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఉండాలి. మన ఇంటిపేర్లు కొన్నిచోట్ల పొడి అక్షరంగా, కొన్నిచోట్ల పూర్తిగా ఉండడం వల్ల వచ్చే తంటాలు ఇన్నీ అన్నీ కావు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, వీసా మీద మీ పేరే ఇంటిపేరుగా మారి, మొదటి పేరు చోట 'ఎఫ్‌ఎన్‌యూ' అని, అంటే మొదటి పేరు తెలియదని, పడుతుంది. అక్కడ బ్యాంకు నుంచి డ్రైవింగ్ లైసెన్సు దాకా ప్రతిచోటా దాన్ని వివరించుకోవలసి వస్తుంది. పెళ్ళయింది కదా అని ఇంటిపేరు మార్చుకోవలసిన అవసరం వీసాకు ఎంతమాత్రం లేదు. భర్త హెచ్-1బీకి వచ్చిన ఐ-797 ఆమోద పత్రం, ఆయన ఇటీవలి జీతం చీటీలు, పాస్‌పోర్టు నకళ్ళు ఆయన పంపాలి. దరఖాస్తు రుసుము 205 డాలర్లు. మన రెండు రాష్ట్రాలవారికీ ఇంటర్వ్యూ హైదరాబాదు నానక్‌రామ్‌గూడలోని కాన్సులేటులో. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బీ, హెచ్-4 దరఖాస్తుదారుల సామాజిక మాధ్యమ ఖాతాలను కూడా పరిశీలిస్తున్నారు, వాటిని అందరికీ కనిపించేలా ఉంచమంటున్నారు. ఆ మార్పుతో అప్పటికే తేదీ దొరికిన చాలామందికి ఇంటర్వ్యూలు నెలల తరబడి వెనక్కి పోయాయి. ఈ వేసవికి తేదీ దొరకకపోతే నిరుత్సాహపడకండి, దసరా, సంక్రాంతి సెలవులకు ఇంకొన్ని రోజులు కలుపుకుని వెళ్ళవచ్చు.

ఇప్పుడు మీ ముందున్న దారులు, వాటి పర్యవసానాలు.

పెర్మ్ ఇంకా వేయలేదని తేలిందనుకోండి. అప్పుడు వెంటనే పూర్తిగా వెళ్ళిపోవడం అంటే కనీసం రెండేళ్ళు సంపాదన లేకుండా ఉండడానికి సిద్ధపడడం. అది చెడ్డ నిర్ణయం అనను. కొందరు ఆ రెండేళ్ళలో బిడ్డను కన్నారు, కొందరు చదువుకున్నారు, చాలామంది జీవితంలో మొదటిసారి నింపాదిగా ఊపిరి పీల్చుకున్నారు. కాని మీ ఇంటికి వెళ్ళే పదిహేను వేలు ఎవరు పంపుతారన్నది ఆయనతో ముందే, అంకెతో సహా మాట్లాడుకోవాలి. "చూద్దాంలే" అని వదిలేస్తే, నెలనెలా అడగవలసి వచ్చినప్పుడు ఆ అడగడం మిమ్మల్ని కుంగదీస్తుంది, ఇవ్వడం ఆయనకు ఉపకారంలా తోస్తుంది. పెళ్ళి అప్పులో ఆయన పెళ్ళి కూడా ఉన్నదని గుర్తు చేయడం అమర్యాద ఏమీ కాదు. తమ్ముడి చదువు పూర్తయ్యే వరకు, అంటే ఈ రెండేళ్ళూ ఇక్కడే పని చేస్తూ సెలవులకు వెళ్ళి వస్తూ, ఆ లోపు ఐ-140 కోసం చూడడం ఇంకో పద్ధతి. డబ్బు పరంగా ఇదే క్షేమం. కాని దీని ఖర్చు జీతం చీటీలో కనిపించదు. పెళ్ళయిన మొదటి మూడు నాలుగేళ్ళు ఫోనులోనే గడిచిపోతాయి, అలవాట్లు ఎవరివి వారికి గట్టిపడతాయి. మీ ఇద్దరికీ అది భరించదగినదేనా అన్నది మీరే చెప్పగలరు.

అలా కాక పెర్మ్ పూర్తయి, ఐ-140 నెలల దూరంలో ఉంటే, అసాధారణ సెలవు పెట్టి వెళ్ళడం నా దృష్టిలో సబబైన దారి. ఐ-140 ఆమోదం పొంది 180 రోజులు దాటితే, ఆ కంపెనీ తర్వాత దాన్ని వెనక్కి తీసుకున్నా, ఆయన హెచ్-1బీ పొడిగింపులకు, మీ ఈఏడీకి మామూలుగా అది ఆధారంగానే నిలుస్తుంది. ఆ 180 రోజులు దాటే వరకు ఉద్యోగం మారవద్దని ఆయనతో ఇప్పుడే ఒక మాట అనుకోండి.

మీ సొంత అర్హత మీద వెళ్ళే దారి కూడా ఉన్నది. దాన్ని మీకు ఎవరూ చెప్పి ఉండరు. జే-1 అనే సాంస్కృతిక మార్పిడి వీసాలో ఉపాధ్యాయులకు ప్రత్యేక విభాగం ఉన్నది. డిగ్రీ, రెండేళ్ళ పూర్తికాల బోధనానుభవం ఉండి, ప్రస్తుతం బడిలో పనిచేస్తున్నవారు మూడేళ్ళ వరకు అక్కడి బడిలో జీతానికి పాఠాలు చెప్పవచ్చు, ఆపైన కొంత పొడిగింపు కూడా దొరకవచ్చు. సైన్సు చెప్పేవారికి పిలుపు వచ్చే అవకాశం ఎక్కువ. ఈ అర్హతల్లో "ప్రస్తుతం బడిలో పనిచేస్తూ" అన్నది చూశారా? రాజీనామా చేస్తే ఈ తలుపు మూసుకుంటుంది. అయితే బడి డాలస్‌లోనే దొరుకుతుందన్న హామీ లేదు, మీరు నార్త్ కరోలినాలో, ఆయన టెక్సాస్‌లో ఉండవలసి రావచ్చు. పని ముగిశాక తిరిగి వస్తారన్న ఉద్దేశం కూడా చూపాలి. మధ్యవర్తులు భారీగా రుసుములు గుంజే రంగమిది కనుక, అక్కడి విదేశాంగ శాఖ గుర్తించిన స్పాన్సర్ల జాబితాలో ఉన్నవారితోనే మాట్లాడండి. ఇక ఇక్కడి నుంచే హెచ్-1బీ మీద ఉపాధ్యాయురాలిగా వెళ్ళే ఆలోచన ఉంటే దాన్ని పక్కన పెట్టండి. 2025 సెప్టెంబరు 21 నుంచి, అమెరికా బయట ఉన్నవారి కోసం వేసే కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల చెల్లింపు పెట్టారు. ఏ బడీ అంత పెట్టి తీసుకోదు.

హెచ్-4 మీద చదువుకోవడానికి అడ్డు లేదు. ఎంఎస్ చేయవచ్చు, అక్కడి బడుల్లో చెప్పడానికి కావలసిన రాష్ట్ర ధ్రువీకరణకు సిద్ధం కావచ్చు. ప్రతి రాష్ట్రానికీ ఆ నియమాలు వేరు. మన డిగ్రీలను ముందుగా మదింపు చేయించుకోవాలి. దానికి కావలసిన ట్రాన్‌స్క్రిప్టులు విశ్వవిద్యాలయం నుంచి తెప్పించుకోవడం ఇక్కడ ఉన్నప్పుడే సులభం. చదువు తర్వాత ఏడాది పాటు పని చేసేందుకు ఇచ్చే ఓపీటీ అనే అనుమతి కావాలంటే మాత్రం హెచ్-4 చాలదు, విద్యార్థి వీసా హోదాకు మారాలి. భర్త గ్రీన్‌కార్డు ప్రయత్నంలో ఉన్నప్పుడు తిరిగి వెళ్ళే ఉద్దేశాన్ని ప్రశ్నించవచ్చు కనుక, ఆ మార్పును న్యాయవాది సలహా లేకుండా చేయవద్దు. ఆన్‌లైన్ ట్యూషన్లు, ఎవరి పిల్లలనో ఇంట్లో చూసి చేతికి నగదు తీసుకోవడం, ఇండియా సంస్థకు అక్కడి నుంచి పని చేయడం, ఇవి "అందరూ చేస్తున్నారు" అని మీకు వినిపిస్తాయి. వద్దు. అనుమతి లేని పని తర్వాతి దరఖాస్తులన్నిటికీ చేటు చేస్తుంది.

వెళ్ళే నిర్ణయం ఏ రూపంలో తీసుకున్నా, ఒక సంగతిని మీ చేతిలో ఉంచుకోవాలి. మీ హోదా ఆయన హోదాకు కట్టి ఉంటుంది. ఆయన ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల వరకు గడువు, అది మీకూ వర్తిస్తుంది. ఆయన హోదాకు పొడిగింపు వస్తే మాత్రం మీది దానంతట అది పొడిగించబడదు. మీకోసం ఐ-539 అనే దరఖాస్తు వేరుగా వేయాలి. రెండేళ్ళ క్రితం ఇదే శీర్షికకు ఒకామె రాశారు. భర్త కంపెనీ ఆయన పొడిగింపు చేయించింది, ఇంటి కాగితాలన్నీ ఆయనే చూసుకునేవారు, ఈమెది ఎవరూ వేయలేదు. ఎనిమిది నెలల తర్వాత డ్రైవింగ్ లైసెన్సు పునరుద్ధరణకు వెళితే, అక్కడి గుమాస్తా తెర మీద తేదీ చూసి తల అడ్డంగా ఊపాడట. ఆ భర్త చెడ్డవాడు కాదు, ఆయనకు తెలియదు, అంతే. అలా చట్టవిరుద్ధంగా 180 రోజులు దాటి ఉండి బయటకు వస్తే మూడేళ్ళు, ఏడాది ఉండి వస్తే పదేళ్ళు తిరిగి వెళ్ళే వీలుండదు. అందుకే మీ ఐ-94ను మీరే, మీ పాస్‌పోర్టు వివరాలతో, ప్రభుత్వ వెబ్‌సైటు నుంచి దించుకుని తేదీ చూసుకోండి. మీ పాస్‌పోర్టు గడువు ముందుగా ముగిసేదైతే ఆ తేదీ వరకే అనుమతి వేస్తారు కనుక, ఇక్కడ ఉండగానే కొత్తది తీసుకోండి. పాస్‌పోర్టు, ఆయన ఐ-797 నకలు, వివాహ ధ్రువపత్రం మీ చేతికందే చోట ఉంచుకోండి. బ్యాంకు ఖాతాలో మీ పేరు, కారు నడపడానికి లైసెన్సు, ఈ రెండూ మొదటి మూడు నెలల్లోనే కావాలని ముందే చెప్పండి. డాలస్ చుట్టుపక్కల కారు లేనివారికి ఇల్లే ప్రపంచం.

ఒక సంగతి రాయాలా వద్దా అని తటపటాయించి, చివరికి రాస్తున్నాను. ఇది మీ భర్తను ఉద్దేశించి కాదు, ఈ శీర్షిక చదివే అందరి కోసం. అక్కడ ఇంట్లో హింస ఎదురైతే, "నా వీసా ఆయన చేతిలో ఉంది" అని నోరు మూసుకోనక్కరలేదు. హెచ్-1బీ ఉద్యోగి చేతిలో హింసకు గురైన జీవిత భాగస్వామి తనకై తాను పని అనుమతి కోరే వీలు చట్టంలో ఉన్నది. హ్యూస్టన్‌లో దయా, అట్లాంటాలో రక్ష, న్యూజెర్సీలో మానవి, కాలిఫోర్నియా బే ఏరియాలో మైత్రి వంటి దక్షిణాసియా మహిళా సంస్థలు ఏళ్ళ తరబడి ఈ పని మీదే ఉన్నాయి. దేశమంతటికీ పనిచేసే సహాయ నంబరు 1-800-799-7233.

ఇక ఆయనతో ఎలా మాట్లాడాలన్నది. పొద్దున ఆరున్నర ఫోనులో, మీరు బస్సు కోసం తొందరపడుతూ, ఆయన అలసిపోయి ఉన్నప్పుడు, ఇది తేలదు. ఒక ఆదివారం మీకు రెండు గంటల తీరిక ఉన్నప్పుడు కూర్చోండి. "మీ మీద నమ్మకం లేక అడగడం లేదు, నేనూ మీతో కలిసి చూసుకుంటాను" అని మొదలుపెట్టండి. ఐ-797లో గడువు తేదీ ఏది, పెర్మ్ వేశారా, వేస్తే ఏ తేదీన, ఉద్యోగం పోతే ఆ అరవై రోజుల్లో ఏం చేద్దామనుకుంటున్నారు, అని అడగండి. జవాబులు మాటల్లో కాక కాగితాలుగా చూపించమనండి. కంపెనీ న్యాయవాది పంపిన ఈమెయిలు చాలు. మీ వైపు నుంచి కూడా సెలవు నిబంధనలు, ఇంటి లెక్కలు, తమ్ముడి ఫీజు వివరాలు ఆయన ముందు పెట్టండి. ఆయనకూ ఇవేవీ తెలిసి ఉండవు. ఇంత అడిగిన తర్వాత కూడా ఆయన కాగితం చూపించకపోతే, అప్పుడు మీ ప్రశ్న వీసా గురించినది కాకుండా పోతుంది. అలా జరిగితే నాకు మళ్ళీ రాయండి, దాని గురించి వేరుగా మాట్లాడుకుందాం.

అత్తగారి పెట్టెలను తిరిగి పంపవద్దు, ఆవిడ ఆశతో కొన్నారు. వేసవికి వెళ్ళినా ఒకటి ఎలాగూ కావాలి. బీరువాలోని రాజీనామా పత్రాన్ని మాత్రం తీసి చించేసి, ఆ చోట సెలవు దరఖాస్తు ముసాయిదా పెట్టండి. ప్రధానోపాధ్యాయుల దగ్గరకు వెళ్ళే ముందు ఐ-797 నకలు ఆయన నుంచి తెప్పించుకోండి, సెలవు ఎంతకాలం అడగాలో ఆ తేదీని బట్టే నిర్ణయించుకోవలసి ఉంటుంది.